పండుగ తగ్గింపులో వీపీఎన్ చందా: కొనే ముందు వేయవలసిన లెక్క
(స్వయంశిక్షణ పాఠమాల – మూడో పాఠం)

గత రెండు పాఠాల్లో వీపీఎన్ (మన ఇంటర్నెట్ రాకపోకలను తన సర్వర్ గుండా రహస్యంగా నడిపించే సేవ) ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో చూశాం. ఈ పాఠానికి కావలసినంత మేరకు ఒకసారి గుర్తు చేసుకుందాం. మీ ఫోను నుంచి వీపీఎన్ కంపెనీ సర్వర్ దాకా వెళ్లే సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మారుతుంది కనుక, మధ్యలో ఉన్న వైఫై యజమానికి గానీ, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థకు గానీ మీరు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో తెలియదు. అంతవరకు వాళ్లకు తెలిసే ఆ వివరం ఇకపై వీపీఎన్ కంపెనీ చేతిలో ఉంటుంది. అందువల్ల ఏ కంపెనీ నుంచి కొంటున్నామన్నది ధర ఎంత అన్నదానితో సమానంగా ముఖ్యం.

ఈ వారం నేర్చుకోవలసింది ఒకటే నైపుణ్యం. తగ్గింపు ప్రకటన కనబడగానే, అది మనకు కలిసి వస్తుందో లేదో ఒక కాగితం మీద తేల్చుకోవడం.

మనకు సేల్ అంటే దసరా, దీపావళి రోజులే గుర్తుకు వస్తాయి. వీపీఎన్ కంపెనీలలో ఎక్కువ భాగం విదేశీ సంస్థలు కావడం వల్ల వాటి పెద్ద సీజన్ నవంబరు చివర్లో మొదలవుతుంది. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండుగ. ఆ మరుసటి రోజైన బ్లాక్ ఫ్రైడే, తర్వాతి సోమవారం, ఆపైన కొత్త సంవత్సరం దాకా ప్రకటనలు వరసగా వస్తూనే ఉంటాయి. ఏడాదిలో మిగిలిన రోజుల్లో కూడా ఈ కంపెనీలు ఏదో ఒక పేరుతో తగ్గింపులు ఇస్తూనే ఉంటాయి కాబట్టి, ఈ రాత్రి కొనకపోతే మళ్లీ దొరకదన్న కంగారు పెట్టుకోవలసిన పని లేదు.

మొదట అవసరం

ధర చూసే ముందు, ఎందుకోసం, ఎన్ని నెలలు అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. తిరుపతిలో నన్ను ఈ విషయం అడిగేవారిలో చాలామందికి అసలు కొనవలసిన అవసరమే కనబడదు. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి కంపెనీయే తన వీపీఎన్ ఇస్తుంది. బయట కొన్నది దానికి బదులుగా పనికిరాదు. పరిశోధక విద్యార్థులకు జర్నళ్లు చదవడానికి కావలసిన దూర ప్రవేశ సౌకర్యాన్ని వాళ్ల విద్యాసంస్థ గ్రంథాలయమే కల్పిస్తుంది, ముందు అక్కడ విచారించాలి. బ్యాంకు లావాదేవీల భద్రత కోసమని అనేవారు గమనించవలసింది ఏమిటంటే, బ్యాంకు యాప్‌కూ బ్యాంకు సర్వర్‌కూ మధ్య ఎన్‌క్రిప్షన్ ఇప్పటికే ఉంది. పైగా సర్వర్ విదేశంలో ఉన్న వీపీఎన్ ద్వారా లాగిన్ అయితే కొన్ని బ్యాంకులు అనుమానించి అడ్డుకుంటాయి కూడా.

నిజంగా ఉపయోగపడే సందర్భాలు లేకపోలేదు. తిరుపతి బైరాగిపట్టెడ హాస్టళ్లలో ఒకే వైఫైని పదుల మంది పంచుకుంటారు, దాన్ని ఎవరు చూసుకుంటున్నారో ఎవరికీ తెలియదు. స్టేషన్ దగ్గర, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల లాడ్జీలలో దిగే యాత్రికులదీ అదే పరిస్థితి. అటువంటి చోట చూసే వెబ్‌సైట్ల జాబితా ఇతరులకు తెలియకూడదనుకోవడం న్యాయమైన కోరికే. కానీ యాత్రికుడి అవసరం రెండు రోజులది, విద్యార్థి అవసరం ఒక విద్యా సంవత్సరానిది. కింది లెక్కకు ఈ తేడాయే ప్రాణం.

ఇంకొక సంగతి. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు ఎందరో ఉన్నారు, వాట్సాప్ కాల్స్‌ను అడ్డుకునే చోట వాళ్లతో మాట్లాడేందుకని ఇక్కడివాళ్లు వీపీఎన్ చందా కొని పంపడం చూస్తున్నాను. ఆ దేశాల చట్టాలు మన చట్టాల వంటివి కావు. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాన్ని కప్పిపుచ్చడానికో వీపీఎన్ వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా పడవచ్చు. అక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్ ఏదో మీవాళ్లనే కనుక్కోమని చెప్పండి.

లెక్క

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, రెండేండ్లకు కలిపి తీసుకుంటే నెలకు రెండు వందలే కదా, ఇంకేం ఆలోచించేది?" అతని ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుందాం. కింది అంకెలు నేర్చుకోవడానికి నేను ఊహించుకున్నవి. ప్రకటనల తీరు మాత్రం సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ప్రకటనలో పెద్ద అక్షరాలతో "నెలకు 199 రూపాయలే, 73 శాతం తగ్గింపు" అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాలతో 24 నెలలు, అదనంగా 3 నెలలు ఉచితం అని ఉంటుంది. నెలకు 199 అన్నా, వాళ్లు నెలనెలా తీసుకోరు, 27 నెలల సొమ్మును ఈరోజే తీసుకుంటారు. 199ని 27తో గుణిస్తే 5,373 రూపాయలు. విదేశీ కంపెనీలు మనకు అమ్మే ఇటువంటి ఆన్‌లైన్ సేవలపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. చాలా ప్రకటనల్లో అది కలపకుండా చూపి, చివరి పేజీలో కలుపుతారు. దానితో 6,340 అవుతుంది. చెల్లింపు డాలర్లలో జరిగితే బ్యాంకు తన మార్పిడి రుసుము వేస్తుంది. అది కార్డును బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ మూడున్నర శాతం అనుకుందాం; దానిమీద మళ్లీ జీఎస్టీ. మొత్తం కలిపితే దాదాపు 6,602 రూపాయలు. పెన్నుతో రాసి చుట్టూ గీత గీయవలసిన అంకె ఇది, 199 కాదు.

ఇప్పుడు అదే కంపెనీ నెలసరి ధర చూడండి. 199 అనేది 73 శాతం తగ్గింపు ధర అయితే అసలు ధర సుమారు 737. పన్ను, బ్యాంకు రుసుము కలిపితే 906 రూపాయలు. చూడగానే గుండె ఝల్లుమంటుంది, నిజమే. కానీ 6,602ని 906తో భాగించండి. ఏడుకు కాస్త పైన వస్తుంది. అంటే మీ అవసరం ఏడు నెలలు గానీ అంతకు తక్కువ గానీ అయితే, ఏ తగ్గింపూ లేని నెలసరి ధరకు కొనడమే చవక. ఎనిమిదో నెల నుంచి మాత్రమే తగ్గింపు పథకం మీకు లాభం ఇవ్వడం మొదలుపెడుతుంది. చిత్తూరు తమ్ముడికి కావలసింది పోటీ పరీక్ష శిక్షణ కోసం తిరుపతి హాస్టల్లో ఉండే ఐదు నెలలు. నెలసరి ధరకు కొంటే అతనికి 4,530 అవుతుంది. సేల్‌లో కొంటే రెండు వేలకు పైగా ఎక్కువ పెట్టి, వాడని 22 నెలలను ఇంటికి తెచ్చుకున్నట్టు అవుతుంది.

లెక్కలో మరొక వరుస ఉంది, దాన్నే అందరూ వదిలేస్తారు. గడువు ముగిశాక చందా దానంతట అదే కొనసాగుతుంది, అప్పుడు పడేది తగ్గింపు ధర కాదు. నిబంధనల పేజీలో పునరుద్ధరణ ధర ఏడాదికి 5,999 అని ఉందనుకోండి. పన్నుతో కలిపితేనే 7,079. అంటే మొదటి 27 నెలలకు ఇచ్చినదానికంటే తర్వాతి ఒక్క ఏడాదికే ఎక్కువ. కొన్నరోజే ఖాతాలోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆపివేయండి. సాధారణంగా దానివల్ల మిగిలిన గడువు రద్దు కాదు. ఆ మాట నిబంధనల్లో ఉందో లేదో చూసుకుని ఆపండి. రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి సొమ్ము దానంతట అదే పోయే ఏర్పాటు) నియమాల ప్రకారం ఇటువంటి వసూలుకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి, 15,000 రూపాయలు దాటితే మీ ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ కూడా ఉండాలి. మన ఉదాహరణలోని సొమ్ము ఆ పరిమితికి లోపలే ఉంది కాబట్టి ఓటీపీ అడగకుండానే పోవచ్చు. సందేశాన్ని చూడకుండా దాటేస్తే అంతే.

గడియారం

సేల్ పేజీ పైభాగంలో గంటలు, నిమిషాలు, సెకన్లు తగ్గుతూ ఒక గడియారం కనబడుతుంది. అందులో 02:14:33 ఉన్నప్పుడు ఆ పేజీని అలాగే ఉంచి, అదే చిరునామాను ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. కొన్నిచోట్ల గడియారం మళ్లీ మొదటి నుంచి నడవడం మీ కళ్లతోనే చూస్తారు. అది సేల్ గడువుతో సంబంధం లేకుండా, మీరు పేజీ తెరిచిన క్షణం నుంచి నడుస్తున్న గడియారం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలలో 13 రకాల మోసపు పద్ధతులు ఉన్నాయి. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, ధరను చివరిదాకా దాచడం, చందా రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేయడం వాటిలోవే. వీపీఎన్ కొనేటప్పుడు పాస్‌వర్డ్ మేనేజర్, క్లౌడ్ నిల్వ వంటివి ముందుగానే టిక్ పెట్టి ఉన్నాయేమో బుట్టలో తప్పక చూడండి. ఇబ్బంది ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు.

ఎవరి దగ్గర కొంటున్నాం

ఈ భాగంలో తొందరపడకండి. చాలామంది సమీక్షలు చదివి కొంటారు. ఆ సమీక్ష సైట్లకు మీ కొనుగోలుపై కమీషన్ వస్తుంది, కొన్నిసార్లు యజమాని కూడా ఒకరే అయి ఉంటారు. కేప్ టెక్నాలజీస్ అనే సంస్థ చేతిలో సైబర్‌ఘోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ అనే వీపీఎన్‌లు ఉన్నాయి, 2021లో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌నూ కొన్నది. అదే ఏడాది వీపీఎన్‌మెంటర్ అనే సమీక్షల సైటు యజమాని సంస్థను కూడా కొన్నది. నార్డ్, సర్ఫ్‌షార్క్ అనే వీపీఎన్ కంపెనీలు 2022లో ఒకే గొడుగు కిందికి వచ్చాయి. రెండు వేర్వేరు కంపెనీలను పోల్చి చూశామని మనం అనుకునేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండాలి.

లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం వాడారన్న నమోదులు) ఉంచుకోము అన్న మాటను ప్రకటనలో చదివి నమ్మకూడదు. ప్యూర్‌వీపీఎన్ ఆ మాట చెప్పుకుంటున్న రోజుల్లోనే, 2017లో, ఒక వేధింపుల కేసులో అమెరికా ఎఫ్‌బీఐకి కనెక్షన్ వివరాలు ఇచ్చింది. దీనికి భిన్నంగా 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సోదా వారెంటుతో ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ కార్యాలయానికి వెళ్లి, తీసుకెళ్లడానికి వినియోగదారుల సమాచారమేదీ లేక వట్టి చేతులతో తిరిగి వెళ్లారు. బయటి సంస్థల చేత ఆడిట్ చేయించి నివేదికలు ప్రచురించే కంపెనీకి, ఏదీ చూపని కంపెనీకి నడుమ వంద రూపాయల తేడా ఉంటే నేను ఆ వంద ఇస్తాను. ఆ ముల్వాడ్ 2009 నుంచి నెలకు 5 యూరోలే తీసుకుంటోంది, సేల్ అన్న మాటే ఎత్తదు. రెండు మూడు నెలల అవసరానికి అటువంటి ధర పద్ధతి ఎంతో నయం. డబ్బు పెట్టడం కష్టమైన విద్యార్థికి ప్రోటాన్ వీపీఎన్ ఉచిత పథకం ఉంది, అందులో డేటా పరిమితి లేదు. దేశాన్ని ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం తక్కువ.

మన దేశానికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఐపీ అడ్రసుల (ఇంటర్నెట్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్యల) వంటి వివరాలను 5 సంవత్సరాల పాటు భద్రపరచాలి. అందుకు ఇష్టపడని ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ వంటివి భారతదేశంలోని తమ సర్వర్లను తీసేశాయి. వీపీఎన్ వాడకాన్ని దేశమంతటా నిషేధించే చట్టం మాత్రం లేదు. సర్వర్లు తీసేసిన ఫలితంగా జాబితాలో ఇండియా అని కనబడే సర్వర్ చాలాసార్లు సింగపూర్ వంటి చోట ఉంటుంది. మీరు తెరిచే వెబ్‌సైట్ సర్వర్ తిరుపతికి దగ్గరి చెన్నైలోనే ఉన్నా, మీ సమాచారం సముద్రం దాటి వెళ్లి రావాలి. వీడియో చూడటానికి ఇబ్బంది అంతగా తెలియదు గానీ ఆన్‌లైన్ ఆటలో, వీడియో కాల్‌లో ఆ ఆలస్యం తెలుస్తుంది.

జీవితకాల చందాల గురించి ఒక్క మాటతో సరిపెడతాను: కొనవద్దు. వీపీఎన్‌సెక్యూర్ అనే కంపెనీ చేతులు మారాక, కొత్త యజమానులు 2025లో పాత జీవితకాల చందాలను రద్దు చేశారు. సర్వర్ల ఖర్చు నెలనెలా ఉంటుంది. ఒక్కసారి తీసుకున్న డబ్బుతో దాన్ని ఎల్లకాలం భరించడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు.

వాపసు గడువే పరీక్షా కాలం

పేరున్న కంపెనీలు చాలావరకు 30 రోజుల్లోపు డబ్బు వాపసు ఇస్తామంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో కాకుండా ఫోను యాప్ స్టోర్ ద్వారా కొన్నవాటికి ఆ హామీ వర్తించకపోవచ్చు, అక్కడ స్టోర్ నిబంధనలే నడుస్తాయి. డాలర్లలో చెల్లించి వాపసు తీసుకుంటే బ్యాంకు రుసుము తిరిగి రాదన్నది కూడా లెక్కలో వేసుకోండి.

కొన్న మొదటి వారంలోనే, మీరు నిజంగా వాడే చోట, రాత్రి ఎనిమిది నుంచి పది గంటల మధ్య పరీక్షించాలి. హాస్టల్ అంతా ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండే వేళ అదే. ముందు వీపీఎన్ లేకుండా వేగం కొలిచి రాయండి, తర్వాత వీపీఎన్ పెట్టి కొలవండి. వేగం సగానికి పడిపోతే దగ్గరి సర్వర్‌కు, యాప్ సెట్టింగుల్లో వైర్‌గార్డ్ ప్రోటోకాల్‌కు (వీపీఎన్ కనెక్షన్ నడిచే పద్ధతుల్లో ఒకటి) మార్చి మళ్లీ చూడండి. ఆపైన డీఎన్‌ఎస్ లీక్ పరీక్ష (వెబ్‌సైట్ పేరును వెతికే అభ్యర్థనలు వీపీఎన్ దాటి బయటికి పోతున్నాయేమో చూసేది) చేయించే ఏదైనా సైటు తెరవండి. అక్కడ మీ ఇంటర్నెట్ సంస్థ పేరు ఇంకా కనబడుతుంటే మీరు చూసే సైట్ల వివరం బయటికి పోతున్నట్టే. సెట్టింగులు సరిచేసినా అది మారకపోతే మరుసటి రోజే వాపసు అడగండి. ముప్పయ్యో రోజు దాకా ఆగవద్దు, అవతలి దేశపు తేదీ మన తేదీతో ఒకటి కాకపోవచ్చు.

అభ్యాసం

ప్రస్తుతం నడుస్తున్న ఏవైనా రెండు వీపీఎన్ తగ్గింపు ప్రకటనలు తీసుకోండి. చెల్లింపు పేజీ దాకా వెళ్లండి, కార్డు నంబరు మాత్రం ఇవ్వకండి. ఒక్కొక్కదానికి ఈరోజు పోయే మొత్తం, మీకు అవసరమైన నెలల సంఖ్య, అన్ని నెలలకు నెలసరి పథకంలో అయ్యే ఖర్చు, పునరుద్ధరణ ధర, యజమాని సంస్థ పేరు, చివరిసారి ఆడిట్ జరిగిన సంవత్సరం ఒకే పేజీలో రాయండి. వీటిలో ఏదైనా వెబ్‌సైట్‌లో దొరకకపోతే ఆ గడి ఖాళీగానే వదలండి. నాలుగో పాఠంలో ఆ ఖాళీ గడుల నుంచే మొదలుపెట్టి, ఆడిట్ నివేదికను, గోప్యతా విధానాన్ని వరుసవరుసగా చదవడం నేర్చుకుందాం.