పాత కంప్యూటరుతో ఇంటి మీడియా సెంటరు – 2వ పాఠం: లిబ్రెఎలెక్ ఎక్కించడం, పెళ్లి డీవీడీలు సర్దడం

మొదటి పాఠంలో చెప్పిన సామాను ఈపాటికి బల్ల మీదికి చేరి ఉండాలి. 64 బిట్ ప్రాసెసరున్న కంప్యూటరు (ఇంటెల్ 4వ తరం ఐ3 సరిపోతుంది), 4 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, వీడియోలు దాచడానికి విడిగా ఒక హార్డుడిస్కు, 4 జీబీకి తగ్గని పెన్‌డ్రైవు, యూఎస్‌బీ కీబోర్డు, హెచ్‌డీఎంఐ కేబులు. ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న సైజు కంప్యూటర్లు సెకండ్‌హ్యాండులో కొన్నవాళ్లు ముందు వెనకవైపు చూసుకోండి. వాటిలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్టే ఉంటుంది. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి పోయే కేబులు అడిగి కొనండి, బొమ్మా శబ్దమూ రెండూ ఒకే తీగలో వస్తాయి. వీజీఏ కేబులుతో బొమ్మ ఒక్కటే వస్తుంది.

ఈ పాఠంలో పని రెండు భాగాలు. లిబ్రెఎలెక్, అంటే ఈ పెట్టెను టీవీలో వీడియోలు ఆడించేలా మార్చే సాఫ్ట్‌వేరు, ఎక్కించడానికి అరగంట చాలు. ఫైళ్లకు పేర్లు పెట్టి సర్దడానికి మాత్రం రెండు మూడు ఆదివారాలు పడుతుంది. ఎక్కువమంది మొదటిదానికి జాగ్రత్త పడి, రెండోదాన్ని గాలికొదిలేస్తారు. పది రోజులకే ఆ పెట్టె వైపు ఎవరూ చూడరు, ఎందుకంటే వెతికినది దొరకదు. మీ ఓపికంతా పేర్ల దగ్గర పెట్టండి.

ఎక్కించడం

తెర మీద మనకు కనిపించేది కోడి (Kodi) అనే వీడియోలు ఆడించే ప్రోగ్రాము. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటపెట్టె కోసం పుట్టిన ఉచిత ప్రోగ్రామే ఎక్స్‌బీఎంసీగా పెరిగి 2014లో కోడి అయింది. దాన్ని నడపడానికి అవసరమైనంత లినక్సును మాత్రమే ఉంచి, మిగతాదంతా తీసేసి చేసిన వ్యవస్థ లిబ్రెఎలెక్, 2016 నుంచి ఉంది. కంప్యూటరు ఆన్ చేస్తే నేరుగా కోడి తెర వస్తుంది. విండోస్ అప్‌డేట్లు అడ్డురావు, పాస్‌వర్డు అడగదు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వాడాలనుకుంటే ఇదే సరైన దారి.

ఇంకో కంప్యూటరులో లిబ్రెఎలెక్ వాళ్ల యూఎస్‌బీ–ఎస్‌డీ క్రియేటర్ తెరిచి, జెనెరిక్ అనే రకం ఎంచుకుని, పెన్‌డ్రైవు మీద రాయించండి. పెన్‌డ్రైవులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. దాన్ని పాత కంప్యూటరుకు గుచ్చి, ఆన్ చేస్తూనే, ఏ డిస్కు నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ కీ పదేపదే నొక్కండి. డెల్, లెనోవో వాటిలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవు పేరు ఎంచుకున్నా ఎర్ర అక్షరాలతో తిప్పికొడితే, తెలియని వ్యవస్థలను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నట్టే. బయాస్, అంటే కంప్యూటరు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్లి దాన్ని ఆపాలి. వెళ్లారు గనుక అక్కడే ఇంకో పని చేసుకోండి: కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు ఏం చేయాలో చెప్పే సెట్టింగు పవర్ మెనూలో ఉంటుంది. అది ఆన్‌లో పెడితే, కరెంటు రాగానే పెట్టె తనంతట తానే లేస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇన్‌స్టాలరు మీరు చూపించిన డిస్కును మొత్తం తుడిచేస్తుంది. కొంత భాగాన్ని వదిలిపెట్టడం దానికి తెలియదు. పిల్లల ఫొటోలున్న హార్డుడిస్కు అదే పెట్టెలో ఉంటే, మూత తీసి దాని సాటా కేబులు ఊడదీసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి పని మొదలుపెట్టండి. తెర మీద రెండు డిస్కుల పేర్లు ఒకదాని కింద ఒకటి కనిపించినప్పుడు పొరపాటున బాణం కీ ఒక్కసారి ఎక్కువ నొక్కితే చాలు, పదేళ్ల ఫొటోలు పోతాయి. కేబులు ఊడదీస్తే ఆ పొరపాటుకు తావే ఉండదు.

ఇన్‌స్టాల్ అయ్యాక పెన్‌డ్రైవు తీసి రీబూట్ చేయండి. మొదటి తెరల్లో పేరు, నెట్‌వర్కు, పంచుకోవడం గురించి అడుగుతుంది. సాంబా అన్నది ఆన్ చేయండి, విండోస్ కంప్యూటరు నుంచి ఈ పెట్టెలోకి ఫైళ్లు పంపేది దాని ద్వారానే. వైఫై కంటే ల్యాన్ కేబులు మేలు. కడప వైపు పాత రాతి గోడల ఇళ్లలో రూటరు ఒక గదిలో, టీవీ ఇంకో గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నలు గోడ దాటేసరికే బాగా బలహీనపడుతుంది. 100 మెగాబిట్ల మామూలు ల్యాన్ మీద కూడా నిండు డీవీడీ, అంటే 4.7 జీబీ, ఏడెనిమిది నిమిషాల్లో చేరుతుంది.

శబ్దం రాకపోవడం అందరికీ ఎదురయ్యే మొదటి చిక్కు. సెట్టింగ్స్, సిస్టమ్, ఆడియో దగ్గర అవుట్‌పుట్ పరికరాల జాబితా ఉంటుంది. కోడి చాలాసార్లు వెనకాల స్పీకరు రంధ్రాన్ని పట్టుకుని కూర్చుంటుంది. మీ టీవీ కంపెనీ పేరున్న హెచ్‌డీఎంఐ వరుసను ఎంచుకోండి. టీవీ స్పీకర్లే వాడేవాళ్లు ఛానళ్లు 2.0 పెట్టి, ఆడియోను విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే పాస్‌త్రూను ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే, టీవీకి అర్థంకాని రకం ఆడియో ఉన్న సినిమాలు మూగగా ఆడతాయి. పెట్టెను ముందు, టీవీని తర్వాత ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోతే వరుస మార్చండి, ముందు టీవీ.

పెట్టెను అద్దాల షోకేసులో మూసిపెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో బయటే 42 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి, అద్దం వెనక గాలి ఇంకా వేడెక్కుతుంది. ప్రాసెసరు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటే సినిమా తడబడుతుంది. చుట్టూ నాలుగు వేళ్ల సందు వదలండి. చల్లగా ఉన్నా తడబడుతుంటే, వీడియో ఆడుతున్నప్పుడు కీబోర్డులో ఇంగ్లీషు ఓ (O) అక్షరం నొక్కండి. డీకోడరు, అంటే కుదించిన వీడియోను విప్పేదాని పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ (HW) అని ఉంటే గ్రాఫిక్స్ చిప్పు పని చేస్తున్నట్టు. లేకపోతే భారమంతా ప్రాసెసరు మీదే పడుతోంది. 4వ తరం ఇంటెల్‌కు వీడియోను కుదించే పాత పద్ధతి హెచ్.264 చేతనవును, దాని తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీ పద్ధతి ఫైళ్ల దగ్గర పూర్తి సాయం అందదు. 4కే హెచ్‌ఈవీసీ దాని నుంచి ఆశించకండి.

సినిమాలు ఒకచోట, ఇంటివి ఇంకోచోట

హార్డుడిస్కులో ముందే రెండు పెద్ద ఫోల్డర్లు చేయండి, సినిమాలు, ఇంటి వీడియోలు. రెండూ పక్కపక్కన ఉండాలి, ఒకదాని లోపల ఇంకొకటి ఉండకూడదు. కోడికి సినిమాల ఫోల్డరు చూపించినప్పుడు అందులో ఉన్నది సినిమాలని చెబుతాం. అప్పుడది ఒక్కో ఫైలు పేరు తీసుకుని ద మూవీ డేటాబేస్ అనే సైటులో వెతికి పోస్టరు, నటీనటుల పేర్లు, సంవత్సరం తెచ్చుకుంటుంది. మీ అన్న పెళ్లి వీడియో కూడా అందులోనే పడి ఉంటే, పెళ్లి అన్న మాట ఉన్న ఏదో సినిమా పోస్టరు దానికి అంటుకుంటుంది. ఇంట్లోవాళ్లకు ఇక అది దొరకదు.

సినిమా ఫైలు పేరులో ఉండాల్సినవి రెండే, సినిమా పేరు, బ్రాకెట్లలో విడుదల సంవత్సరం. ఉదాహరణకు దేవదాసు (1953). సంవత్సరం రాయకపోతే 2006 దేవదాసు పోస్టరు వచ్చినా తప్పు కోడిది కాదు. తెలుగులో ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు మామూలే కాబట్టి ఇది మనకు మరీ అవసరం. ఇక్కడ తెలుగులో చూపించినా ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయండి. ఆ సైటులో పేర్లకు ఏ స్పెల్లింగు వాడారో ఒకసారి వెతికి అదే పెట్టండి. డౌన్‌లోడు చేసిన సైటు పేరు, చుక్కలు, ఫైలు సైజు లాంటివి తీసేయండి. ధారావాహికలైతే సంవత్సరం బదులు ఎస్01ఈ01 పద్ధతి, అంటే మొదటి సీజను మొదటి భాగం. ఇవి సినిమాల్లో కలపకుండా మూడో ఫోల్డరులో పెట్టాలి.

ఇక కోడిలో వీడియోస్, ఫైల్స్, యాడ్ వీడియోస్. ఫోల్డరు చూపించి, ఇందులో ఏముందన్న ప్రశ్నకు మూవీస్ ఎంచుకోండి. భాష తెలుగు పెట్టుకోవచ్చు, కానీ పాత సినిమాలకు కథాసారం తెలుగులో అంతగా ఉండదు. తప్పు పోస్టరు వస్తే ఆ సినిమా మీద కీబోర్డులో ఐ (I) నొక్కి, రిఫ్రెష్ అని, చేత్తో పేరు టైపు చేసి సరైనది ఎంచుకోండి. ఒక్క పోస్టరు కూడా రాకపోతే పేర్లు మార్చే ముందు ఇంకో ఇంటర్నెట్ కనెక్షన్ మీద, ఫోను హాట్‌స్పాట్ అయినా సరే, చూడండి. కొన్ని కనెక్షన్ల మీద ఆ సైటు తెరుచుకోదు.

పెళ్లి డీవీడీలు

ఇది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని, దీనికి ఆలస్యం పనికిరాదు. స్టూడియోవాళ్లు రాసిచ్చిన డీవీడీల్లో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. వేడికి, వెలుతురుకు అది పాడవుతుంది. బీరువాలో భద్రంగా ఉన్నదని మనం నమ్మే డిస్కు ఒక రోజు చదవకుండా పోతుంది. గీతలు పడి ఒక డ్రైవులో చదవనిది ఇంకో డ్రైవులో చదవవచ్చు, ఒకదాంతోనే ఆశ వదులుకోకండి.

డిస్కు తెరిస్తే వీడియో–టీఎస్ అనే ఫోల్డరు కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా విండోస్ కంప్యూటరులోకి కాపీ చేయండి. లోపల వీఓబీ ఫైళ్లు ఉంటాయి, ఒక్కోటి 1 జీబీకి మించదు. ఇవి సన్నివేశాన్ని బట్టి కాదు, సైజును బట్టి విరిగినవి. విడివిడిగా పెడితే మాంగల్యధారణ మధ్యలో, మూడోముడి పడేలోపే బొమ్మ ఆగిపోయి తర్వాతి ఫైలు కోసం వెతుక్కోవలసి వస్తుంది. అందుకే వాటిని కలపాలి. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత ప్రోగ్రాములో అసలు వీడియో వరుసలోని మొదటి ముక్కను, అంటే పేరు చివర 1 ఉన్న వీఓబీని, వేయండి. అదే వరుసలో ఉన్న మిగతా ముక్కలను అదే గుర్తించి చేర్చుకుంటుంది. చివర 0 ఉన్నది మెనూ, దాన్ని వదిలేయండి. బొమ్మను మళ్లీ కుదించదు కాబట్టి నాణ్యత తగ్గదు, కొద్ది నిమిషాల్లో ఒకే ఎంకేవీ ఫైలు చేతికొస్తుంది. మొదలు, మధ్య, చివర చూసి, మాట పెదవులతో కలుస్తోందని నిర్ధారించుకున్నాకే ఆ వీఓబీలు తీసేయండి. డిస్కును మాత్రం పారేయొద్దు.

ఆ ఫైలును టీవీలో ఆడించినప్పుడు మనుషులు కదిలినచోట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. అప్పటి కెమెరాలు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, సరి గీతలు, బేసి గీతలుగా రాసేవి. వీడియో ఆడుతుండగా వీడియో సెట్టింగ్స్‌లో డీఇంటర్‌లేస్ పద్ధతి మార్చి చూడండి, గీతలు పోయినచోట ఆగండి.

ఇంటి వీడియోల ఫోల్డరును కోడికి చేర్చేటప్పుడు ఇందులో ఏముందన్న ప్రశ్నకు నన్ (None), అంటే ఏదీ కాదు, ఎంచుకోవాలి. అప్పుడు ఏ సైటునూ అడగదు, మీ ఫోల్డర్ల పేర్లే చూపిస్తుంది. అందుకని పేరు ముందు తేదీ పెట్టండి, సంవత్సరం, నెల, రోజు ఆ వరుసలోనే: 2009-05-14 సుజాత పెళ్లి, 2014-04 ఒంటిమిట్ట కల్యాణం, 2018-01 దేవుని కడప తేరు. ఇలా రాస్తే పాతది పైన, కొత్తది కింద దానంతటదే వరుసగా నిలుస్తుంది. రోజు ముందు రాస్తే ఒకే సంవత్సరంవి ఒకచోట ఉండకుండా చెదిరిపోతాయి. ఒక్కో ఫోల్డరులో ఫోల్డర్ (folder.jpg) అనే పేరుతో జేపెగ్ బొమ్మ పెడితే కోడి దాన్నే ముఖచిత్రంగా చూపుతుంది. శుభలేఖను ఫోను కెమెరాతో నిటారుగా ఫొటో తీసి అదే పెట్టండి. చదవడం రాని అవ్వ కూడా పసుపు అంచున్న ఆ కార్డును చూసి ఎవరి పెళ్లో గుర్తుపడుతుంది.

సర్దడం ఒక కొలిక్కి వచ్చాక లిబ్రెఎలెక్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఒకటి చేసి, ఆ ఫైలును ఇంకో డిస్కులో దాచండి. అందులో ఉండేవి మీ సెట్టింగులు, పోస్టర్ల జాబితా మాత్రమే, వీడియోలు కాదు. ఎంకేవీ ఫైళ్లకు రెండో కాపీ విడిగా తీయాలి.

3వ పాఠంలోపు కనీసం ఒక పెళ్లి డీవీడీని ఎంకేవీ చేసి, తేదీ, ముఖచిత్రం పెట్టి టీవీలో చివరిదాకా ఆడించి చూడండి. సర్వీసెస్, కంట్రోల్ దగ్గర హెచ్‌టీటీపీ ద్వారా నడిపే అనుమతి ఆన్ చేసి, పాస్‌వర్డు పెట్టి, దాన్ని రాసి ఉంచుకోండి. కీబోర్డు పక్కనపెట్టి, కోర్ అనే ఆప్‌తో ఫోను నుంచే అంతా నడపడం అక్కడినుంచే మొదలవుతుంది.