ఖిలా వరంగల్ తోరణాలకు 15 ఎం.ఎం. లెన్స్, బయటి వ్యూఫైండర్

0.72 వ్యూఫైండర్ (దృశ్యాన్ని 0.72 వంతు పరిమాణంలో చూపే కిటికీ) ఉన్న లైకా ఎం కెమెరాల్లో, ఫొటోలో ఎంత మేర పడుతుందో చూపే ఫ్రేమ్ గీతలు మహా అయితే 28 ఎం.ఎం. లెన్స్ దాకానే. అంతకంటే విశాలంగా చూసే 15 ఎం.ఎం. లెన్స్ పెడితే కెమెరా పైనున్న షూలో (ఉపకరణాలు తగిలించే గాడిలో) అదే కొలత ఫైండర్ బిగించాలి. అందులో ఫోకస్, వెలుతురు మీటర్ కనిపించవు. కాబట్టి ముందే ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడే వెలుతురు) చూసుకుని, ఎఫ్8 అపెర్చర్‌లో (లెన్స్ రంధ్రం కొలత) లెన్స్ మీది ఫోకస్ దూరం 1 మీటరుకు తిప్పండి. అర మీటరు నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది.

తోరణం ముందు కెమెరా మట్టంగా ఉండటమే అసలు పని. కాస్త పైకెత్తినా స్తంభాలు లోపలికి వాలతాయి; వెనక్కి నడవడమే మేలు. ఫైండర్‌లో అంచు గీతలు వంగి కనిపిస్తే కంగారుపడకండి, ఆ వంపు ఫైండర్ అద్దాలది, ఫిల్మ్ మీదికి రాదు.

దగ్గరి శిల్పాలకు మాత్రం జాగ్రత్త. ఫైండర్ లెన్స్ కంటే ఎత్తులో ఉంటుంది కనుక ఫొటోలో పైభాగం తెగుతుంది. ఫ్రేమ్ చూసుకున్నాక, ఆ రెండింటి మధ్య ఎడం ఎంతో అంత మేర కెమెరాను వంచకుండా పైకి జరిపి నొక్కండి.