ఆర్థిక సలహాదారును పెట్టుకోవాలా, వద్దా? నిర్ణయించుకోవడం ఎలా?

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో డబ్బు గురించి సలహా దొరకక ఇబ్బంది పడినవారు బహుశా ఎవరూ ఉండరు. చీటీలు నడిపేవారు, బీమా ఏజెంటు, బ్యాంకులో తెలిసినవారు, ప్రొద్దుటూరులో బంగారం కొనిపెట్టే బంధువు, అందరూ అడగకముందే చెబుతారు, ఒక్క రూపాయి కూడా పుచ్చుకోరు. అటువంటిచోట ఫీజు ఇచ్చి సలహా తీసుకోవడమంటే విడ్డూరంగానే తోస్తుంది. కొందరికి ఆ ఖర్చు నిజంగానే అనవసరం. మరికొందరికి మాత్రం, ముఖ్యంగా జీవితంలో ఒకేసారి పెద్ద మొత్తం చేతికి వచ్చేవారికి, ఆ ఖర్చు తప్పించుకోవడమే నష్టం. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవడానికి ఈ క్రమంలో ఆలోచించండి.

మొదట: మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

సలహాదారు కావాలా అని ఆలోచించేముందు, దేనికి కావాలో కాగితం మీద పెట్టండి. "వచ్చే జూన్‌లో పదవీ విరమణ, చేతికి 40 లక్షలు వస్తాయి, పింఛను కాక నెలకు ఎంత వాడుకోవచ్చు?" అన్నది ఒక ప్రశ్న. "రోడ్డు కింద పోయిన పొలానికి పరిహారం వచ్చింది, పన్ను కట్టాలా?" అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిది ఆర్థిక సలహాదారు పని, రెండోది మనం ఆడిటర్ అని పిలుచుకునే చార్టర్డ్ అకౌంటెంటు పని. అన్నదమ్ముల వాటాల తగువైతే న్యాయవాది దగ్గరకు వెళ్లాలి.

ఈ తేడా తెలియక నష్టపోయేవారు మన జిల్లాల్లో ఎక్కువగా భూమి అమ్మినవారే. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న పట్టణం సరిహద్దు నుంచి గాలిదూరంలో 6 కిలోమీటర్లలోపు ఉన్న సాగుభూమిని అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను ఉంటుంది. ఈ దూరానికి బయట ఉండి, వేరే ఏ మున్సిపాలిటీ పరిధికీ దగ్గరగా లేని పల్లె పొలానికి ఆ పన్ను ఉండదు. మన మూడు పట్టణాలూ ఈ జనాభా కోవలోకే వస్తాయి. కనుక ఊరి చివర పొలం అమ్మినవారు పెట్టుబడుల గురించి ఆలోచించేముందే ఆడిటర్‌ను కలవాలి. అమ్మిన రెండేళ్లలోపు మరో సాగుభూమి కొంటే మినహాయింపు కోరే వీలుంది. గడువు దాటిన తర్వాత ఎవరు ఏం చెప్పినా చేయగలిగింది తక్కువ.

తరువాత: అప్పుల లెక్క తీయండి

నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మీ మీద ఉంటే, ఏడాదికి 24 శాతం పోతున్నట్టు లెక్క. అంత రాబడిని ఏటా నమ్మకంగా తెచ్చిపెట్టగల సలహాదారు దేశంలో లేడు. ముందు ఆ అప్పు, తరువాత కుదువ పెట్టిన బంగారం, ఆ తరువాతే పెట్టుబడి. ఈ మాట చెప్పించుకోవడానికి ఫీజు ఇవ్వనక్కర్లేదు.

ఎదుటివారికి జీతం ఎవరిస్తున్నారో కనుక్కోండి

ఈ నిర్ణయంలో అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే అని నా అభిప్రాయం. మన ఊళ్లలో "ఫైనాన్షియల్ అడ్వైజర్" అని బోర్డు పెట్టుకున్నవారిలో చాలామంది నిజానికి అమ్మకందారులు. అమ్మకం తప్పుడు పని కాదు, కానీ అది సలహా కాదు. మ్యూచువల్ ఫండ్లు అమ్మే డిస్ట్రిబ్యూటర్‌కు, ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ ఇచ్చిన ఏఆర్ఎన్ అనే నమోదు సంఖ్య ఉంటుంది, ఆయన ఆదాయం ఫండ్ సంస్థ ఇచ్చే కమిషన్. బీమా ఏజెంటు ఆదాయం మీరు కట్టే ప్రీమియంలోని భాగం. పొదుపుతో కలిసిన పాలసీల్లో మొదటి ఏడాది కమిషన్ పెద్దది కాబట్టే, పొదుపు లేకుండా ప్రాణానికి మాత్రమే బీమా ఇచ్చే, తక్కువ ప్రీమియం ఉండే టర్మ్ పాలసీ గురించి మీరు అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు.

వీరికి భిన్నంగా, పెట్టుబడి మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ 2013లో తెచ్చిన నిబంధనల కింద నమోదైన పెట్టుబడి సలహాదారు మీ దగ్గర మాత్రమే ఫీజు తీసుకోవాలి, మీకు చెప్పిన ఫండ్ల మీద కమిషన్ తీసుకోకూడదు. ఆయన నమోదు సంఖ్య ఐఎన్ఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. మన చిక్కల్లా ఏమిటంటే, ఇలా నమోదైనవారు దేశం మొత్తం మీద వెయ్యికి కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉన్నారు, వారిలోనూ ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉంటారు. కడపలో ఉన్నవారు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న సలహాదారుతో వీడియో కాల్‌లో మాట్లాడడానికి సిద్ధపడాలి. ముఖం చూడని మనిషిని ఎలా నమ్మేదని పెద్దవారు అడగడం సహజమే.

కర్నూలులో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ముప్పై ఏళ్లుగా ముఖం తెలిసిన బ్యాంకుకు వెళ్లి ఫిక్సెడ్ డిపాజిట్ వేయమంటే, ఏటా ప్రీమియం కట్టవలసిన బీమా పాలసీ మీద సంతకం చేయించి పంపారు. రెండో ఏడాది ప్రీమియం నోటీసు వచ్చేదాకా ఆయనకు ఆ సంగతి తెలియలేదు. పాలసీ పత్రం చేతికి అందిన 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే రద్దు చేసుకునే హక్కు ఇప్పుడు ఉంది, కానీ ఆ పత్రం చదివేవారు ఎందరు?

ఫీజును రూపాయల్లోకి మార్చి చూడండి

శాతాల్లో చెప్పిన ఫీజు ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. ముప్పై లక్షల మీద ఒక శాతం అంటే ఏడాదికి 30 వేలు, సలహాదారు ఆ ఏడాది కొత్తగా ఏమీ చెప్పకపోయినా సరే. సెబీ నిబంధనలు రెండు పద్ధతులను అనుమతిస్తాయి: పర్యవేక్షణలో ఉన్న మొత్తం మీద ఏడాదికి 2.5 శాతానికి మించకుండా, లేదా ఒక కుటుంబానికి ఏడాదికి 1,51,000 రూపాయలకు మించకుండా నిర్ణీత ఫీజు. ఇవి గరిష్ఠ పరిమితులే, మార్కెట్ ధరలు కావు. మధ్యతరగతి కుటుంబం నిర్ణీత ఫీజునే అడగాలి.

కమిషన్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. 2013 జనవరి నుంచి ప్రతి మ్యూచువల్ ఫండ్‌కూ మధ్యవర్తి లేకుండా నేరుగా కొనుక్కునే డైరెక్ట్ ప్లాన్ ఉంది, డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌తో దానికున్న ఖర్చు తేడాలో ప్రధాన భాగం డిస్ట్రిబ్యూటర్ కమిషనే. మీ ఫండ్ మొత్తాన్ని ఆ తేడా శాతంతో గుణించి చూస్తే, "ఉచిత సలహా"కు మీరు ఏటా ఎంత ఇస్తున్నారో తెలుస్తుంది. ఆ డిస్ట్రిబ్యూటర్ మార్కెట్ పడినప్పుడు మీ చేత అమ్మించకుండా ఆపి, కాగితాల పని అంతా చూసిపెడుతుంటే, ఆ ఖర్చు దండుగ అని నేను అనను. ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

ఇప్పుడు నిర్ణయానికి రండి

జీతం తప్ప వేరే ఆదాయం లేక, పీపీఎఫ్, ఒక టర్మ్ పాలసీ, ఒక ఆరోగ్య బీమా, నెలనెలా షేర్ల సూచీని అనుసరించే ఒకటి రెండు ఇండెక్స్ ఫండ్లతో సాగిపోయేవారికి సలహాదారు అవసరం దాదాపు లేదు. పదవీ విరమణ చేసినవారిలోనూ చాలామందికి సగం జవాబు పోస్టాఫీసులోనే ఉంది: 60 ఏళ్లు నిండినవారు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల వరకు వేయవచ్చు, 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి. బ్యాంకు డిపాజిట్లయితే ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా రక్షణ ఉంటుందని గుర్తుంచుకొని పంచి వేసుకోవాలి.

ఒకేసారి వచ్చిన పెద్ద మొత్తం, విదేశాల్లో ఉన్న పిల్లలతో ఉమ్మడి ఆస్తులు, జీవితాంతం ఆదరవు కావలసిన బిడ్డ, భర్త పోయాక లెక్కలన్నీ తొలిసారి చేతికి వచ్చిన ఇల్లాలు: ఇటువంటి సందర్భాల్లో సలహాదారును పెట్టుకోవడమే మంచిది. అయితే ఏటా ఫీజు కట్టే ఒప్పందానికి తొందరపడకుండా, ముందు ఒక్కసారికి ప్రణాళిక రాయించుకోండి. సాగు మీద బతికేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అనంతపురం చీనీ రైతుకో, కర్నూలు ఉల్లి రైతుకో నెలనెలా ఒకే మొత్తం పొదుపు చేయమని చెప్పే సలహాదారుకు పంట ఆదాయం ఎలా వస్తుందో తెలియదన్నమాట. అటువంటివారిని మొదటి మాటలోనే పక్కన పెట్టవచ్చు.

పెట్టుకోవాలనుకుంటే: సంతకానికి ముందు

సెబీ వెబ్‌సైట్‌లో నమోదైన పెట్టుబడి సలహాదారుల జాబితా ఉంటుంది. ఆయన చూపిన ధ్రువపత్రంతో సరిపెట్టుకోకుండా పేరు, సంఖ్య మీరే వెతికి చూసుకోండి. మొదటి భేటీలో మీ ఆదాయం, అప్పులు, నష్టాన్ని తట్టుకునే శక్తి అడగకుండానే ఫండ్ల పేర్లు చెబితే లేచి రండి. రాబడికి హామీ ఇస్తే ఇంకా తొందరగా లేచి రండి. జనం దగ్గర డిపాజిట్లు సేకరించి తిరిగి ఇవ్వలేకపోయిన అగ్రిగోల్డ్ సంస్థలో, తెలిసిన ఏజెంటు మాట మీద డబ్బు వేసినవారి గతి మనకు తెలియనిది కాదు. చిన్న డిపాజిటర్లకు సైతం, పదివేల లోపువారికి 2019 నవంబరులో, ఇరవై వేల లోపువారికి 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వవలసి వచ్చింది.

పెట్టుబడి డబ్బు ఎప్పుడూ మీ ఖాతా నుంచి నేరుగా ఫండ్‌కో, బ్యాంకుకో వెళ్లాలి. సలహాదారు ఖాతాకు ఆయన ఫీజు తప్ప మరేదీ పోకూడదు, ఆ ఫీజు కూడా నగదుగా ఇవ్వకుండా రసీదు తీసుకోవాలి. మీ పాస్‌వర్డులు, ఓటీపీలు ఆయనకు అవసరం లేదు. రాతపూర్వక ఒప్పందంలో ఫీజు ఎంత, ఎన్నాళ్లు, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి వస్తుంది అన్న మూడు అంశాలూ ఉన్నాయో లేదో ఇంట్లో కూర్చుని, భార్యాభర్తలిద్దరూ చదివి చూసుకోండి. తేడా వస్తే సెబీ నడిపే స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు అడిగేది ఆ ఒప్పందమూ, ఆ రసీదులే కనుక, వాటిని పొలం పాసు పుస్తకాలు ఉన్న బీరువాలోనే పెట్టండి.