గేర్‌బాక్స్ ఎంత మోస్తుంది? (ట్యూనింగ్ పాఠాలు – నాలుగో భాగం)

పోయిన భాగంలో డైనో షీటు (ఇంజిన్ బలాన్ని కొలిచే యంత్రం ఇచ్చే గ్రాఫు) చదవడం నేర్చుకున్నాం. ఆ షీటు పక్కన పెట్టుకుని ఇది చదవండి. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) తర్వాత మీ ఇంజిన్ గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) ఎంత, అది ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తోంది అన్న రెండు అంకెలతోనే ఈరోజు పని.

హార్స్‌పవర్ని కాసేపు మరిచిపోండి. గేర్‌బాక్స్ మీద పడే భారం టార్కే. 6,500 ఆర్‌పీఎం దగ్గర 200 హార్స్‌పవర్ ఇచ్చే పెట్రోల్ ఇంజిన్ అక్కడ ఇచ్చే టార్క్ సుమారు 220 ఎన్‌ఎం (న్యూటన్-మీటర్లు). 2,000 ఆర్‌పీఎం దగ్గర 350 ఎన్‌ఎం ఇచ్చే డీజిల్ ఇంజిన్ ఆ క్షణాన నూరు హార్స్‌పవర్ కూడా ఇవ్వదు. అయినా గేర్లకు డీజిలే బరువు.

ముందు కంపెనీ చెప్పిన హద్దు

జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ తన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లకు హద్దునే పేరుగా పెట్టింది. 8హెచ్‌పీ45 అంటే 450 ఎన్‌ఎం తరగతి, 8హెచ్‌పీ70 అంటే 700. కానీ అందరి పేర్లూ ఇంత సూటిగా ఉండవు. 2013లో మన దగ్గరికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటర్ల టర్బో, 105 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే), 175 ఎన్‌ఎం. దాని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) పేరు డీక్యూ200 అయినా హద్దు 250 ఎన్‌ఎం. దానికి అన్నలాంటి ఆరు గేర్ల డీక్యూ250 హద్దు 350. పేరు చూసి లెక్క వేసుకుంటే తప్పుతుంది, స్పెసిఫికేషన్ చూడాల్సిందే.

ఆ అన్నదమ్ముల మధ్య తేడా గేర్ల కంటే క్లచ్‌లలోనే ఎక్కువ. డీక్యూ250 క్లచ్‌లు నూనెలో మునిగి తిరుగుతాయి. పెట్టెలో పట్టే 6.5 లీటర్ల నూనె వేడిని మోసుకెళ్తుంది. డీక్యూ200లో పట్టేది 1.7 లీటర్లే, క్లచ్‌లు పొడివి. వేడి పోవాలంటే గాలే దిక్కు. బదులుగా బరువు 93 కిలోల నుంచి 70 కిలోలకు తగ్గింది. చిన్న ఇంజిన్‌కు అది మంచి బేరమే. టార్క్ పెంచాలనుకునేవాళ్ళు మాత్రం ఈ తేడాని గుర్తుంచుకోవాలి.

హద్దు దాటిన మరుక్షణం విరుగుతుందా?

విరగదు. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. 1987 నుంచి 1989 దాకా అమ్మిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో 5.0 లీటర్ల వీ8 ఇంజిన్ 300 పౌండ్-అడుగులు, అంటే సుమారు 407 ఎన్‌ఎం ఇచ్చేది. దాని వెనక ఉన్న బోర్గ్‌వార్నర్ టీ5 గేర్‌బాక్స్ రేటింగ్ 265 పౌండ్-అడుగులు, దాదాపు 360 ఎన్‌ఎం. 1990లో గానీ ఆ రేటింగ్‌ని 300కి పెంచలేదు. షోరూంలోంచి వచ్చిన రోజే ఇంజిన్ పెట్టె హద్దుని దాటి ఉందన్నమాట. అయినా ఆ కార్లు లక్షల మైళ్ళు తిరిగాయి.

రేటింగ్ అంటే విరిగే చోటు కాదు, ఆయుష్షు లెక్క. ఇంత బరువున్న బండిలో, ఇన్ని వేల కిలోమీటర్లు, ఇంత టార్క్ మోస్తూ నిలబడాలని వేసుకున్న అంచనా. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే కొన్నిసార్లకు తెగినట్టే, గేరు పన్ను కూడా వంగి లేచి, వంగి లేచి అలసి విరుగుతుంది. గేర్ల డిజైన్‌లో వాడే లెక్కల ప్రకారం, హద్దుకు పైన టార్క్ 10 శాతం పెరిగితే పళ్ళ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. 30 శాతం పెరిగితే ఐదారో వంతు మిగులుతుంది. అందుకే ‘మా ఫ్రెండ్ బండికి ఏడాదిగా ఏం కాలేదు’ అన్న మాటని సాక్ష్యంగా తీసుకోవద్దని గట్టిగా చెప్తాను. ఏడాదిలో ఖర్చయిన ఆయుష్షు బయటికి కనబడదు.

మొదటి లెక్క: టైరు

ఇంజిన్ ఎంత ఇచ్చినా, చక్రం రోడ్డుని పట్టుకున్నంత మేరకే గేర్‌బాక్స్ మీద భారం పడుతుంది. పట్టు తప్పి చక్రం గిర్రున తిరిగితే భారం అక్కడికి ఆగుతుంది. కరెంటు బోర్డులో ఫ్యూజు చేసే పనే టైరు చేస్తుంది.

పోలో అంత బండిని తీసుకుందాం. ఇద్దరు కూర్చున్నాక, వేగం పుంజుకుంటూ బరువు కొంత వెనక్కి వాలాక, ముందు చక్రాల మీద 700 కిలోలు ఉందనుకోండి. పొడి రోడ్డు మీద పట్టు 0.9 అనుకోండి.

700 × 9.8 × 0.9 = సుమారు 6,170 న్యూటన్లు.

చక్రం వ్యాసార్ధం 0.30 మీటర్లు. గుణిస్తే ఇరుసు దగ్గర 1,850 ఎన్‌ఎం. దీన్ని గేరు రేషియో, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే ఆఖరి గేరు జత) రేషియోల లబ్ధంతో భాగిస్తే, ఇంజిన్ వైపు ఎంత టార్క్‌కి టైరు జారుతుందో తెలుస్తుంది. లబ్ధాలు మొదటి గేరులో 16, రెండులో 10, మూడులో 7 అనుకుందాం (మీ బండివి ఓనర్ మాన్యువల్‌లోనో సర్వీస్ మాన్యువల్‌లోనో చూసి వేయండి).

మొదటి గేరు: 1,850 ÷ 16 = 116 ఎన్‌ఎం
రెండో గేరు: 185 ఎన్‌ఎం
మూడో గేరు: 264 ఎన్‌ఎం

ఈ మూడు అంకెల్నీ కాసేపు చూడండి. రీమ్యాప్‌తో ఇంజిన్ 240 ఎన్‌ఎం ఇస్తోందనుకుంటే, మొదటి గేరులో సగం కూడా రోడ్డుకి చేరకముందే టైరు జారుతుంది. మూడో గేరులో టైరు జారదు. మొత్తం 240నీ క్లచ్చూ గేర్లూ మోయాల్సిందే. ట్యూన్ చేసిన ముందు చక్రాల బండి మొదటి గేరులో కీచుమని గోల చేసినా, నిజంగా నలిగేది మూడు, నాలుగు గేర్లలో చప్పుడు లేకుండా లాగుతున్నప్పుడే.

పట్టు ఎక్కువుండే టైర్లు వేయించుకుంటే ఈ ఫ్యూజు పెద్దదవుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండిలో ఫ్యూజు దాదాపు లేనట్టే. అలాంటి బళ్ళు నిలుచున్న చోటు నుంచి దూకేటప్పుడు గేర్లు విరుగుతాయని వినడానికి కారణం ఇదే.

రెండో లెక్క: క్లచ్

సూత్రం చిన్నది: రాపిడి గుణకం × ఒత్తిడి × సగటు వ్యాసార్ధం × రాపిడి ముఖాలు. ఒక మాన్యువల్ బండి క్లచ్‌కి 0.3, 5,000 న్యూటన్లు, 0.09 మీటర్లు, 2 ముఖాలు అనుకుంటే 270 ఎన్‌ఎం. 240కి సరిపోతుందనిపిస్తుంది. కానీ ప్లేటు కాలి రాపిడి 0.25కి పడితే అదే క్లచ్ 225 మాత్రమే పడుతుంది.

నా స్నేహితుడి చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్‌కి రీమ్యాప్ చేయించాక పొద్దున్నే ఏ లోపమూ కనబడేది కాదు. ఒక సాయంత్రం హైదరాబాద్ మెహిదీపట్నం ట్రాఫిక్‌లో గంటసేపు హాఫ్ క్లచ్ మీద పాక్కుంటూ వచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నాలుగో గేరులో 80 దగ్గర యాక్సిలరేటర్ నొక్కాడు. ఆర్‌పీఎం ముల్లు 2,500 నుంచి 3,800కి లేచింది, స్పీడు ముల్లు ఎక్కడుందో అక్కడే ఉంది. అర నిమిషంలో కాలిన వాసన. పక్కన కూర్చున్న నేను కాలు తీసెయ్యమన్నాను. క్లచ్ దింపినప్పుడు ప్రెజర్ ప్లేటు (క్లచ్‌ని అదిమి పట్టే బిళ్ళ) మీద వేడికి పడ్డ నీలం మచ్చలు వేలి ముద్రల్లా వరసగా ఉన్నాయి. ట్యూన్ చేసినవాళ్ళు క్లచ్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

అలాగని దొరికిందల్లా పెద్ద క్లచ్ వేయించడం సరికాదు. నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర క్లచ్‌ని ఠక్కున వదిలితే ఫ్లైవీల్‌లో (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) దాచుకున్న శక్తంతా ఒక్క దెబ్బగా లోపలికొస్తుంది. ఆ దెబ్బకి టైరు తర్వాత కళ్ళెం వేసేది క్లచ్ జారుడే. 600 ఎన్‌ఎం పట్టే క్లచ్‌ని 250 ఎన్‌ఎం పెట్టెకి బిగిస్తే, క్లచ్ తినాల్సిన దెబ్బ పళ్ళు తింటాయి. మీ టార్క్ మీద 20, 30 శాతం ఎక్కువ పట్టేది చాలని నా అభిప్రాయం.

మూడో లెక్క: పళ్ళు

టార్క్‌ని గేరు వ్యాసార్ధంతో భాగిస్తే పళ్ళ మీద పడే బలం వస్తుంది. మస్టాంగ్ 407 ఎన్‌ఎం 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న గేరు మీద పడితే: 407 ÷ 0.03 = 13,570 న్యూటన్లు. దాదాపు 1,380 కిలోల బరువు. ఒక పోలోని ఎత్తి, ఒకేసారి కలిసే రెండు మూడు పళ్ళ మీద పెట్టినా ఇంత కాదు.

అందుకే గేర్లు మోసే రెండు షాఫ్టుల మధ్య దూరం అంత ముఖ్యం. టీ5లో అది 77 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన టీ56లో 85. ఆ ఎనిమిది మిల్లీమీటర్లతో గేర్లు పెద్దవవుతాయి, పళ్ళ మీద బలం తొమ్మిది శాతం దాకా తగ్గుతుంది, పళ్ళని మందంగా వెడల్పుగా చేయడానికి చోటొస్తుంది. ఇంకో సంగతి: ఏటవాలు పళ్ళు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ షాఫ్టుల్ని దూరం జరపాలని చూస్తాయి. అల్యూమినియం హౌసింగ్ వెంట్రుకవాసి సాగినా, పన్ను పూర్తి వెడల్పున ఆనకుండా ఒక అంచున ఆనుతుంది. విరుపు ఆ అంచు నుంచే మొదలవుతుంది.

టీ5లో ఎక్కువగా పోయేది మూడో గేరు. ఎందుకో పైన వేసిన లెక్కతో మీరే చెప్పగలరు. ఒకటి, రెండు గేర్లలో టైర్లు జారి కాపాడతాయి. నాలుగో గేరు 1:1. అక్కడ ఇన్‌పుట్ షాఫ్టు, మెయిన్ షాఫ్టు ఒకటిగా లాక్ అయి, టార్క్ పళ్ళ జోలికే పోకుండా దాటిపోతుంది. గట్టిగా లాగించే గేర్లలో ఈ రెండు రక్షణలూ లేనిది మూడోదే. ఇలాంటి పెట్టెలున్న బళ్ళని డైనో మీద సాధారణంగా 1:1 గేరులోనే పరుగెత్తిస్తారు. కాబట్టి డైనో మీద నిలబడ్డ గేర్‌బాక్స్ పళ్ళకి పరీక్ష జరిగినట్టు కాదు.

అభ్యాసం

1. మీ బండికి ప్రతి గేరులో టైరు జారే టార్క్ లెక్కగట్టండి. డైనో షీటులోని గరిష్ఠ టార్క్ ఏ గేరు నుంచి పూర్తిగా లోపల పడుతోందో గుర్తు పెట్టుకోండి.

2. మాన్యువల్ బండైతే, ఖాళీ రోడ్డు మీద ఇంజిన్ బాగా వేడెక్కాక, నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం నుంచి ఒక్కసారి నిండుగా నొక్కండి. రెండు ముళ్ళూ కలిసి లేస్తే క్లచ్ పట్టుకున్నట్టు. ఆర్‌పీఎం ముందు పరుగెత్తితే వెంటనే కాలు తీసేయండి, పదే పదే పరీక్షించొద్దు.

3. గేర్ ఆయిల్ మార్పిస్తుంటే డ్రెయిన్ ప్లగ్ చివర ఉండే అయస్కాంతాన్ని తుడవక ముందు చూడండి. కాటుకలా మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే రవ్వలు కనిపిస్తే పళ్ళు రాలడం మొదలైందన్నమాట. ఫొటో తీసి, కిలోమీటర్లు రాసి పెట్టుకోండి.

అయిదో భాగంలో పెట్టె దాటి బయటికొస్తాం: డ్రైవ్ షాఫ్టులు, సీవీ జాయింట్లు, డిఫరెన్షియల్. ఇరుసు దగ్గర ఇవాళ మీరు కట్టిన అంకె అక్కడ మళ్ళీ కావాలి, కాగితం పారేయకండి.