మెథోట్రెక్సేట్ వాడేటప్పుడు వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్ వంటి జబ్బులకు ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. కింది సమస్యల్లో దేనికైనా కారణం వెతికేటప్పుడు ముందుగా ఈ నియమం తప్పలేదు కదా అని చూసుకోవాలి.

సమస్య: నోటిపూత
ఈ మందు శరీరంలో ఫోలేట్ (ఒక బి విటమిన్; మాత్రల్లో ఉండే దాని రూపమే ఫోలిక్ యాసిడ్) చేసే పనిని అడ్డుకుంటుంది. అందువల్ల, ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టవలసిన నోటి లోపలి పొర, ఎముక మజ్జ ముందుగా దెబ్బతింటాయి. ఒకటి రెండు చిన్న పుండ్లే ఉంటే, డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్‌ను సరిగా వేసుకుంటున్నారో లేదో చూసుకుని, తరువాతి మోతాదుకు ముందే ఆయనకు చెప్పాలి.

నోరంతా పుండ్లు పడి మింగడం కష్టమైనా, పుండ్లతోపాటు జ్వరం వచ్చినా, చిగుళ్ళ నుంచి రక్తం కారినా, ఒంటిపై కమిలిన మచ్చలు కనిపించినా వెంటనే మందు ఆపి, స్ట్రిప్ చేతిలోకి తీసుకుని ఖాళీ అయిన గళ్ళు లెక్కపెట్టాలి. ఫోలిక్ యాసిడ్ అనుకుని మెథోట్రెక్సేట్‌నే రోజూ మింగి ఉండవచ్చు. మాత్ర బలం మారి ఉండవచ్చు కూడా: 2.5 మిల్లీగ్రాములవి నాలుగు వేసుకునే అలవాటున్నవారు 10 మిల్లీగ్రాములవి నాలుగు వేసుకుంటే, 10 మిల్లీగ్రాములకు బదులు 40 లోపలికి వెళతాయి. లెక్క సరిపోయినా ధీమా పడకూడదు. విరేచనాలతో నీరసించి మూత్రపిండాల పని తగ్గినా, ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ తోడైనా ఇదే ప్రమాదం వస్తుంది. ఆ స్ట్రిప్‌తోనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. విరుగుడుగా ఇచ్చే ఫోలినిక్ యాసిడ్ ఎంత త్వరగా అందితే అంత మేలు కనుక తెల్లవారేదాకా ఆగడం తగదు.

ఈ పొరపాటు మళ్ళీ జరగకుండా మాత్ర వేసుకునే రోజు పేరును డబ్బాపై పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచాలి.

సమస్య: వికారం, వాంతులు
రాత్రి భోజనం తరువాత వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఫోలిక్ యాసిడ్ పెంచడమో, ఇంజెక్షన్‌కు మారడమో డాక్టరు నిర్ణయిస్తారు.

సమస్య: జ్వరం
ఈ మందు వల్ల రోగనిరోధక శక్తి అణిగి ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ ముదిరినా పైకి అంతగా కనిపించకపోవచ్చు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకుండా అదే రోజు డాక్టరును కలిసి, తరువాతి మోతాదు వేసుకోవాలో ఆపాలో అడగాలి. స్టెరాయిడ్ కూడా వాడుతున్నవారు దాన్ని మాత్రం సొంతంగా, హఠాత్తుగా ఆపకూడదు.

సమస్య: పొడిదగ్గు, ఆయాసం
ఊపిరితిత్తుల్లో వాపు కావచ్చు. అరుదే అయినా ప్రమాదకరం. మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

సమస్య: రక్తపరీక్షలో తేడా
ఏ బాధా లేకుండానే కాలేయ ఎంజైములు పెరగవచ్చు, తెల్ల రక్తకణాలు తగ్గవచ్చు. ఒంట్లో బాగానే ఉందని పరీక్ష వాయిదా వేయడం నిజంగా నష్టం చేసే అలవాటు. మద్యం మానాలి.

సమస్య: నొప్పులు తగ్గకపోవడం
పూర్తి ఫలితానికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చు. ఓపిక నశించి ఒక మాత్ర ఎక్కువ వేసుకోకూడదు.

సమస్య: మోతాదు మరిచిపోవడం
2 రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. అది దాటితే ఆ వారం వదిలేసి, మామూలు రోజున మామూలు మోతాదే తీసుకోవాలి.

సమస్య: గర్భం
ఈ మందు గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకుంటే కొన్ని నెలల ముందే డాక్టరుతో మాట్లాడాలి. నెల తప్పినట్టు అనుమానం వస్తే తరువాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు సంప్రదించాలి.