ఎదుటి మనసు – అయిదో పాఠం: కోపం తెలిసింది సరే, ఎవరి మీద?

ఎదుటివాళ్ల మనసు పట్టడం నేర్చుకునే ఈ పాఠాల్లో, ఈసారి స్వరంలో, అంటే ముక్కులో ఆడే ఊపిరిలో, పృథ్వి, జలం లాంటి తత్త్వాల గురించి చెబుతానని పోయిన పాఠం చివర మాటిచ్చాను. అది కొంచెం ఆగాలి. నాలుగో పాఠం చదివి మీలో కొందరు చేసుకొచ్చిన పనులు విన్నాక ముందుకెళ్లడానికి చెయ్యి రావడం లేదు.

ఏం చెప్పాను పోయినసారి? ఎవరైనా వచ్చి మీ ఎదురుగా కూర్చుంటే, వాళ్లు నోరు తెరవకముందే మీ ఒంట్లో మొదట ఏం కదిలిందో పట్టుకోండి, ఒక్క మాటలో రాసుకోండి అన్నాను. వేడి, బరువు, గుబులు, హాయి. అంతే. రాసుకోమన్నాను గానీ వెళ్లి మొహం మీద అనేయమనలేదు.

ఒకావిడ తోడికోడలు పండక్కి వచ్చి గడపలో అడుగుపెట్టగానే ఈవిడకి 'మంట' అనిపించింది. మొదటిసారే ఇంత గట్టిగా తెలిసేసరికి సంబరం ఆగలేదు. 'నీకు నా మీద ఎంత కుళ్లుందో నాకు తెలియదనుకోకు' అని భోజనాల దగ్గర పదిమందిలో అనేశారు. ఆ తోడికోడలు పన్నుపోటుతో మూడు గంటలు బస్సులో నిలబడి వచ్చిన మనిషి. మంట ఉన్నమాట నిజమే. అది దవడలో ఉంది.

ఒక అబ్బాయి పెళ్లిచూపులకి వెళ్లాడు. పిల్ల కాఫీ కప్పు అందిస్తుంటే అతనికి 'భయం' తగిలింది. అంటే ఎవర్నో ప్రేమించింది, దాస్తోంది అని తేల్చుకుని సంబంధం వద్దన్నాడట. తను తప్పించుకున్నానని పొంగిపోతూ రాశాడు. నాయనా, పాతికమంది చుట్టాల మధ్య, ముక్కూ మొహం తెలియనివాడి ముందు, చేతిలో వేడి కాఫీతో నిలబడ్డ పిల్లకి భయం లేకపోతే అప్పుడు ఆశ్చర్యపోవాలి.

ఆఫీసులో మేనేజర్ని అడిగేసినాయన సంగతి చెప్పను. ఆయన ఇప్పుడు వేరే సెక్షన్‌లో ఉన్నారు.

ఈ ముగ్గురిలో ఒక్కరికి కూడా తగిలిన మాట తప్పు కాదు, అది గమనించండి. మంట మంటే, భయం భయమే. గొడవంతా ఆ తర్వాతి అర క్షణంలో వచ్చింది. 'మంట' అని తెలియగానే మనసు ఊరుకోదు, 'నా మీద' అని పక్కన తగిలిస్తుంది. ఈ తగిలించడం ఎంత వేగంగా జరుగుతుందంటే, రెండూ కలిసే లోపలినుంచి వచ్చాయనిపిస్తుంది. కలిసి రాలేదు. మొదటిది వచ్చింది, రెండోది మీరు అతికించారు. ఈ పాఠమంతా ఆ అతుకు గురించే. విసుగొచ్చినా సరే, అది కనబడేదాకా చెబుతూనే ఉంటాను.

పతంజలి యోగసూత్రాల్లో మూడో భాగం, విభూతిపాదం తీయండి. సిద్ధులన్నీ అందులో ఉంటాయి కాబట్టి మనవాళ్లు ముందు తెరిచేదే అది. యమనియమాలున్న పేజీలు కొత్త నోట్లలా నలగకుండా ఉంటాయి. 19వ సూత్రం: 'ప్రత్యయస్య పరచిత్తజ్ఞానమ్'. ఎదుటివాడి మనసులో ఆడుతున్న భావం మీద సంయమం చేస్తే అతని చిత్తం తెలుస్తుంది. ఇది అందరికీ నోటికొచ్చు. దాని కిందే 20వది ఉంది: 'న చ తత్ సాలంబనం తస్యావిషయీభూతత్వాత్'. ఆ తెలియడం ఆలంబనతో కలిపి తెలియడం కాదు, ఆలంబన ఆ సంయమానికి విషయం కాలేదు గనక. ఆలంబన అంటే మనసు దేన్ని పట్టుకుని వేలాడుతోందో అది. ఈ సూత్రాలకి పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం ఇంకా తేటగా చెబుతుంది. ఈ చిత్తం రాగంతో ఉంది అని యోగికి తెలుస్తుంది, ఫలానా దాని మీద రాగం అని తెలియదు.

చీర రంగు గుమ్మంలోనే కనిపిస్తుంది. ఎవరు కొనిపెట్టారో చీర చెప్పదు.

సంయమం అంటే ధారణ, ధ్యానం, సమాధి మూడూ ఒక్కదాని మీదే నిలవడం. అంత సాధించిన యోగికే ఆలంబన తెలియదని పతంజలి పనిగట్టుకుని ఒక సూత్రం ఖర్చుపెట్టి చెబితే, నాలుగు వారాల క్రితం ముక్కు పట్టుకుని చూసుకోవడం నేర్చుకున్న మనకి తోడికోడలి కడుపులో మాట తెలిసిపోయిందా?

నన్ను మినహాయించుకుని చెప్పడం లేదు. గోదావరి జిల్లాలో ఒక రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసి బతికాను. మనుషుల్ని చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. అన్నదమ్ములు పంపకాలకి వస్తారు, అక్కచెల్లెళ్లు హక్కు వదులుకోవడానికి వస్తారు, బ్యాంకులోన్ తీరినవాళ్లు మిఠాయి పొట్లంతో వస్తారు. స్టాంపు పేపర్ ఎవరి పేరు మీద కొనాలి అనగానే ఎవరు ఎవరి మొహం చూస్తారో దాన్నిబట్టి సగం కథ తెలిసేది. తెలిసేది అనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరితోట బేరం వచ్చింది. అమ్మే ఆయనకి అరవై దాటాయి. నా బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. మెడ మీద చెమట కారిపోతోంది. ఎడమచేతి బొటనవేలితో చొక్కా జేబు అంచు రుద్దుతూనే ఉన్నాడు. సాక్షుల పేర్లు అడిగితే ఒకాయన ఇంటిపేరు రెండుసార్లు తప్పు చెప్పాడు. నాకు కడుపులో 'దాపరికం' అన్న మాట గంట కొట్టినట్టు వినిపించింది. కొనే ఆయన నాకు ఎరిగున్నవాడు. పక్కకి పిలిచి, 'తొందరపడకండి, ఎక్కడో తిరకాసుంది' అన్నాను. ఆయన నా మాట మీద బయానా వెనక్కి పుచ్చుకున్నాడు.

తర్వాత ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ చూపించే సర్టిఫికెట్, తీయించి చూశాను. ఏ తాకట్టూ లేదు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ తోట పాత దస్తావేజులు, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. తోట ఆయన స్వార్జితం. దాపరికం మాత్రం ఉంది. కొడుకు చేసిన అప్పు తీర్చడానికి అమ్ముతున్నాడు, ఇంట్లో భార్యకి చెప్పలేదు. మందుల షాపుకని చెప్పి బయల్దేరాడు. ఆ జేబులో ఉన్నది ఆవిడ ఇచ్చిన మందుల చీటీ.

ముందు చూడాల్సింది ఈసీ, నేను చూసింది చెమట. మూడు నెలల తర్వాత అదే తోట ఇంకొకరికి తక్కువ ధరకి అమ్మాడు. ఆ దస్తావేజు కూడా నేనే రాశాను. రాత ఫీజు పుచ్చుకోలేకపోయాను.

'గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు' అని మనకో సామెత ఉంది. ఈ విద్యకి ఇంతకంటే చెరుపు చేసిన మాట నాకు తెలియదు. బూడిదగుమ్మడి మోస్తే భుజానికి బూడిద అంటుతుంది, ఒప్పుకుంటాను. కానీ సొంత పాదులో కాసిన కాయలు సంతకి మోసుకెళ్లినవాడి భుజానికీ అంటుతుంది. దొంగ అన్న మాట వినగానే ఏమీ మోయనివాడూ ఒకసారి తడుముకుంటాడు. పక్కవాడు తడుముకుంటున్నాడని తడుముకునేవాళ్లు ఇంకో నలుగురు. సామెతలో పట్టుబడ్డవాడు నిజంగా దొంగే అనుకున్నా, అలా పట్టుబడిన మిగతావాళ్ల గురించి సామెత ఎవరూ కట్టలేదు.

కళ్లు ఫలానా వైపు తిప్పితే అబద్ధం, ముక్కు గోక్కుంటే అబద్ధం అని వీడియోలు చూసి వచ్చేవాళ్లకి రెండు ముక్కలు. కళ్ల సంగతి 2012లో ప్రయోగం చేసి చూశారు, అబద్ధానికీ చూపు వెళ్లే దిక్కుకీ పొంతన కుదరలేదు. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన ప్రయోగాలెన్నో ఒకచోట పోగేశారు. వాటిలో నిజమో అబద్ధమో తీర్పు చెప్పినవాళ్లు 24 వేల పైచిలుకు మంది. సరిగ్గా పట్టింది నూటికి 54. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది కదా. ఆ మీది నాలుగింటి కోసమే మన తంటాలన్నీ అనుకోండి.

'కానీ నేను చెప్పింది నిజమేనని వాళ్లే ఒప్పుకున్నారండీ' అని ఇంకొందరు. ఏం చెప్పారేమిటి? 'మీ మనసులో ఏదో బాధ ఉంది, బయటికి చెప్పుకోలేకపోతున్నారు' అన్నారు. ఈ మాట మా వీధిలో ఏ గుమ్మంలో నిలబడి అన్నా లోపలినుంచి ఒకరు కళ్లు తుడుచుకుంటూ వస్తారు. 1948లో ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకి 'ఇది మీ ఒక్కరి స్వభావం' అని తలా ఒక కాగితం ఇచ్చి, ఎంత బాగా కుదిరిందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. అన్ని కాగితాల్లోనూ ఉన్నది ఒకటే రాత, జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవే ఎక్కువ. సోది చెప్పే ఎరుకల సాని ఇంతకంటే నయం. ఆవిడ ఒక మాట అని మీ మొహం చూస్తుంది, తప్పయితే అక్కడే మలుపు తిప్పుతుంది. మీరు తిప్పరు.

ఇప్పుడు స్వరం. ఏ ముక్కు ఆడుతోందో, అంటే ఊపిరి ఎందులోంచి ధారాళంగా వస్తోందో, చూసుకోవడం రెండో పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను. స్వరం గురించి చెప్పే పాత సంస్కృత గ్రంథం శివస్వరోదయంలో అద్దం మీద ఊది ఆవిరి ఆకారాన్ని బట్టి తత్త్వం పట్టే పద్ధతి ఉంది, నలుచదరమైతే పృథ్వి, అర్ధచంద్రమైతే జలం అని. నాకు ఎప్పుడు ఊదినా ఆవిరి మచ్చే కనిపించింది. కాబట్టి నేను కళ్లజోడు తీసి ముక్కు కింద పెట్టుకుంటాను, ఏ అద్దం ఎక్కువ మసకబారితే ఆ ముక్కు. నాకు అది చాలు. ప్రశ్న అడిగేవాడు మనకి ఆడుతున్న ముక్కు వైపు కూర్చుంటే పని అవుతుందని కూడా ఉంది. మనిషి కుర్చీ ఎటు వేస్తే అటు కూర్చుంటాడు కదా, అందుకని దాని జోలికి నేను పోను.

మరి ఇదంతా ఎందుకు నేర్పానంటే, స్వరం ఎదుటివాడి సంగతి చెబుతుందని కాదు, నా సంగతి చెబుతుందని. సూర్యనాడి, అంటే కుడిముక్కు జోరుగా ఆడుతుంటే నేను ఎవరి గురించీ ఏమీ రాసుకోను. అప్పుడు నాలో వాదన ఎక్కువ ఉంటుంది, ప్రతి మొహంలోనూ ప్రతివాదే కనిపిస్తాడు. ఇది పుస్తకంలో లేదు, నా అలవాటు. తొందరగా మార్చుకోవాలంటే కుడివైపుకి తిరిగి కాసేపు పడుకోండి, మామూలుగా ఎడమ తెరుచుకుంటుంది.

ఎప్పుడు చూసినా ఒకే ముక్కు ఆడుతోందని అడిగినాయన సాధన ఆపి ముక్కు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లోపల దూలం వంకర ఉందేమో చూస్తారు. గంటల లెక్కన అటూ ఇటూ మారడం ఒంటి స్వభావం. 1895లోనే కైజర్ అనే జర్మన్ వైద్యుడు దాని గురించి రాశాడు. స్వరోదయం చెప్పిన రెండున్నర ఘడియలు, అంటే సరిగ్గా గంట, అందరికీ కుదరదు. గడియారం పెట్టుకుని టెన్షన్ పడకండి.

అభ్యాసం. నలభై రోజులు. తగ్గించమని అడగొద్దు.

ఒక నోటుపుస్తకం, రోజుకి ఒక్క మనిషి. ఎడమ పేజీలో ముందు మీ సంగతి: తిన్నారా, నిద్ర చాలిందా, ఏ ముక్కు. దాని కింద ఎదుటి మనిషిలో తగిలిన ఒక్క మాట. 'కోపం' అని రాయొచ్చు, 'నా మీద కోపం' అని రాస్తే ఆ రోజు కొట్టేయండి. కుడి పేజీ ఖాళీగా వదలండి. అసలు కారణం వాళ్ల నోటివెంట వచ్చిన రోజున, వారమైనా నెలైనా, అప్పుడు కుడివైపు నింపండి. అడగడానికి ఒక్క ప్రశ్నే వాడాలి: 'ఏంటి, ఒంట్లో బాగోలేదా?' ఇందులో నింద లేదు కాబట్టి మనుషులు జవాబు చెబుతారు. 'నా మీద ఏమైనా ఉందా' అని అడిగితే లేనిది కూడా పుడుతుంది.

ఈ నలభై రోజులూ తెలిసింది ఎవరికీ చెప్పకూడదు. ఇదే కష్టం. ఉపవాసం ఉండటం దీనికంటే తేలిక.

నా మొదటి నోటుపుస్తకంలో నలభైకి పదకొండు కుడి పేజీలే నిండాయి. ఆ పదకొండులో నా గురించే అయ్యుంటుందని లోలోపల అనుకున్నవి తొమ్మిది. నిజంగా నా గురించి అయింది ఒకటి, కిరాణా కొట్టు బాకీ.

పేర్లు పొడి అక్షరాలతో రాసుకోండి. అత్తగారి గురించి రాసేవాళ్లు అది కూడా రాయొద్దు, చుక్క పెట్టుకోండి. పుస్తకం బియ్యం డబ్బాలో దాచొద్దు, అందరూ అక్కడే దాస్తారు.