టీసీఈ తగ్గింది, ఇథిలీన్ రాలేదు: లోపం ఎక్కడ?

సమస్య: భూగర్భ జలంలో చేరిన పారిశ్రామిక ద్రావకం ట్రైక్లోరోఇథిలీన్‌ను, అంటే టీసీఈని, విరగ్గొట్టే బ్యాక్టీరియాకు మేతగా మొలాసిస్ (చక్కెర మడ్డి) పంపాక టీసీఈ దాదాపు పోయింది. దానిలోంచి ఒక క్లోరిన్ ఊడితే వచ్చే సిస్-డైక్లోరోఇథిలీన్, అంటే సిస్-డీసీఈ, మాత్రం నెలల తరబడి పేరుకుంటోంది. క్లోరిన్ అంతా ఊడాక చివరికి మిగలాల్సిన ఇథిలీన్ జాడ లేదు.

ముందు లెక్క చూడండి. నివేదికలోని మైక్రోగ్రాములను నమ్ముకుంటే బోల్తా పడతారు. 131 మైక్రోగ్రాముల టీసీఈ నుంచి వచ్చేది 97 మైక్రోగ్రాముల సిస్-డీసీఈ, చివరికి 28 మైక్రోగ్రాముల ఇథిలీన్. అన్నిటినీ మోల్స్‌లోకి మార్చి కూడండి. మొత్తమే పడిపోయి ఉంటే, మీరు పంపిన నీటికి కలుషితం పలుచబడి ఉండవచ్చు. మొత్తం నిలకడగా ఉంటే అసలు చిక్కు వేరే.

కారణం: టీసీఈ నుంచి ఒక క్లోరిన్‌ను ఊడదీసే బ్యాక్టీరియా చాలా ఉన్నాయి. ఇథిలీన్ దాకా లాక్కెళ్లేవి డీహాలోకాకాయిడెస్, దాని దగ్గరి బంధువులు మాత్రమే. అవి లేకపోవచ్చు, ఉన్నా పనిచేయలేకపోవచ్చు. ఇథిలీన్ దాకా చివరి మెట్టు దాటించే వాటి వీసీఆర్‌ఏ, బీవీసీఏ జన్యువుల కోసం బావి నీటికి పీసీఆర్ (జన్యువులను పట్టే) పరీక్ష చేయించండి.

పరిష్కారం: జన్యువులు కనిపిస్తే మొదట పీహెచ్ చూడండి. 6 కంటే దిగితే ఈ బ్యాక్టీరియా చతికిలబడుతుంది. పని ఆగిందని చాలామంది మొలాసిస్ ఇంకా పోస్తారు. అది పులిసి ఆమ్లం పెరిగి పరిస్థితి మరింత చెడుతుంది. మేత తగ్గించి బైకార్బొనేట్ కలపండి. మేత పెంచాల్సింది సల్ఫేట్ ఎక్కువగా ఉన్నచోటే, ఎందుకంటే దాన్ని వాడుకునే సూక్ష్మజీవులు కూడా మేత పులిస్తే వచ్చే హైడ్రోజన్ కోసం ఈ బ్యాక్టీరియాతో పోటీకి వస్తాయి.

జన్యువులే లేకపోతే బయటి నుంచి తేవాలి. టెక్సస్‌లోని కెల్లీ వైమానిక స్థావరంలో మేత ఒక్కటే ఇస్తే పని సిస్-డీసీఈ దగ్గరే ఆగింది. కేబీ-1 అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని ఎక్కించాక దాదాపు 200 రోజుల్లో ద్రావకాలు ఇథిలీన్‌గా మారాయి. ఎక్కించే నీటిలో ఆక్సిజన్ ఉండకూడదు; ఉంటే డబ్బు పెట్టి కొన్న బ్యాక్టీరియా బావిలోనే చస్తుంది.

సమస్య: వినైల్ క్లోరైడ్ పెరుగుతోంది.

ఇది సిస్-డీసీఈ నుంచి ఇథిలీన్‌కు వెళ్లే దారిలో వచ్చే మజిలీయే, కానీ క్యాన్సర్ కారకం. అమెరికాలో తాగునీటికి పరిమితి లీటరుకు టీసీఈ 5 మైక్రోగ్రాములైతే, దీనికి 2. ఇథిలీన్ కూడా పెరుగుతుంటే ఓపిక పట్టండి. పెరగకపోతే మళ్లీ వీసీఆర్‌ఏ పరీక్షే. ఈలోగా పైన ఇళ్లుంటే నేలలోని ఆవిరిని కొలిపించడం తప్పనిసరి.

సమస్య: మీథేన్ విపరీతంగా వస్తోంది. మేత ఎక్కువైంది, తగ్గించండి.

సమస్య: అంతా శుభ్రమయ్యాక టీసీఈ మళ్లీ కనిపిస్తోంది. బంకమట్టి పొరల్లో దాగినది మెల్లగా ఊరుతోంది. దీనికి తక్షణ మందు లేదు. నెమ్మదిగా కరిగే నూనె మేత వేసి, నమూనాలు తీస్తూ ఉండాలి.